గుంటూరు మే నెలలో ఓట్‌మీల్ చాక్లెట్ చిప్ కుకీలు: నా అనుభవం

ఈ కుకీల్లో కష్టమైన పనంటూ ఏం లేదండి, వెన్నా పంచదారా గిలక్కొట్టి గుడ్డు వేసి పిండీ ఓట్సూ చాక్లెట్ ముక్కలూ కలిపి ఓవెన్లో పెట్టడమే, పక్కన ఎవరైనా నిలబడితే మా పాప కూడా చేసేస్తుంది, కష్టమంతా గుంటూరు మే నెలతోనే. బయట 43, 44 డిగ్రీలు ఉన్న రోజుల్లో మా బ్రాడీపేట ఇంట్లో పొయ్యి వెలిగించకముందే వంటింట్లో చెమటలు కారతాయి, అట్టాంటి చోట వెన్నతో పని ఎట్టా ఉంటుందో రెసిపీలు రాసేవాళ్లెవరూ చెప్పరు, అందుకే ఇదంతా రాస్తున్నా.

రెసిపీ మా పెద్దాడపడుచుది. అమెరికాలో షార్లెట్‌లో ఉంటారు, ఒక సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని వచ్చినప్పుడు మా ఇంట్లోనే చేసి పెట్టారు. అప్పుడు ఇంట్లో అరిసెలున్నాయి, చక్రాలున్నాయి, సున్నుండలున్నాయి, అయినా పిల్లలు వాటి మొహం చూడలేదు, సాయంత్రానికల్లా కుకీల పళ్లెం ఖాళీ. అరిసెల డబ్బా మూత తియ్యలేదని అత్తయ్య రెండ్రోజులు మూతి ముడుచుకున్నారు, తర్వాత ఆవిడే మధ్యాహ్నం టీలోకి ఒకటి పట్టుకురమ్మనడం మొదలుపెట్టారు. ఇంక అప్పట్నించీ పుట్టినరోజంటే ఇదే, ఎవరన్నా ఊరెళ్తుంటే రైల్లోకి ఇదే, వేసవి సెలవలకి పిల్లలు పోగైతే పొద్దస్తమానం ఇదే గోల.

జనవరిలో వదిన చేసినప్పుడు ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అప్పుడు మన వంటిల్లూ వాళ్ల వంటిల్లూ దాదాపు ఒకటే. అమెరికా రెసిపీల్లో వెన్నని బయటపెట్టి మెత్తబడనివ్వండి అని రాస్తారు చూడండి, వాళ్ల లెక్కలో బయట అంటే ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యకొచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది, మేలో మా వంటిల్లే అంతకంటే వేడిగా ఉంటుంది, ఫ్రిజ్జులోంచి తీసి ఫోను మాట్లాడి వచ్చేలోపు గిన్నెలో నూనె. కరిగితే ఏమవుద్ది, ఎట్టాగూ ఓవెన్లో కరిగేదేగా అంటారు చాలామంది. మా పక్కింటావిడ అట్టాగే అనుకుని నా దగ్గర రెసిపీ తీసుకుని ఏప్రిల్ చివర్లో ఉన్నదున్నట్టు చేసింది, ట్రే నిండా విడివిడిగా పెట్టిన ఉండలన్నీ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అట్టు పోసినట్టు ఒకే ముక్కగా వచ్చాయంట. చాకుతో కోసుకు తిన్నారు, రుచి బాగానే ఉందంది పాపం.

సంగతేంటంటే వెన్నా పంచదారా కలిపి గిలక్కొట్టేది ఊరికే కలవడానికి కాదు. పంచదార పలుకుల అంచులు గట్టి వెన్నని గీరుకుంటూ పోతే లోపల సన్నసన్నటి గాలి బుడగలు చిక్కుకుంటాయి, ఓవెన్లో సోడా నుంచి వచ్చే గ్యాసు ఆ బుడగల్లోకే చేరి కుకీని లేపుతుంది. వెన్న నూనై పోతే బుడగ నిలిచే చోటే లేదు. పైగా కరిగిన వెన్నతో చేసిన ముద్దని నేరుగా ఓవెన్లో పెడితే గుడ్డూ మైదా గట్టిపడే లోపే అది నాలుగు వైపులా పారిపోతుంది. ఇది అర్థమయ్యాక మిగతాదంతా నేను వేడి నుంచి వెన్నని ఎట్టా కాపాడుకోవాలా అనే లెక్కలోనే చేస్తా.

సరుకుల దగ్గరికొద్దాం. వదిన వాట్సాప్‌లో పంపింది చూస్తే అన్నీ కప్పులు, స్టిక్కులు. అక్కడ బటర్ స్టిక్కుల్లెక్క అమ్ముతారు, ఒక స్టిక్కు అంటే 113 గ్రాములు, మనకి దొరికే చిన్న అమూల్ ప్యాకెట్ 100 గ్రాములు. నేను 100కే సర్దేశా, ఎండాకాలం వెన్న కాస్త తగ్గినా మంచిదే, పారడం తగ్గుతుంది. ఉప్పు లేని బటర్ దొరికితే సరే, దొరక్కపోతే మామూలు పసుపు రంగు అమూలే వేసి విడిగా ఉప్పు వెయ్యను. ఇంట్లో చిలికిన వెన్న మాత్రం వద్దు, అందులో నీళ్లెంత ఉంటాయో మనకి తెలీదు, అది గారెలు చేసిన రోజు వేడన్నంలోకి అట్టిపెట్టుకోండి. కప్పులతో కొలిచే బదులు కాటా కొనుక్కోండి, మైదా గిన్నెలోకి నొక్కి తీస్తే ఒక బరువు, వదులుగా తీస్తే ఒక బరువు.

నా కొలతలివీ: వెన్న 100 గ్రాములు, బెల్లం పొడి 75, పంచదార 50, ఒక గుడ్డు, మైదా 95, ఓట్స్ 135, చాక్లెట్ ముక్కలు 100 నుంచి 120 దాకా ఎవరి మనసు ఎంత పెద్దదైతే అంత, తినే సోడా అర టీస్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను. ఇరవై దాకా వస్తాయి.

బెల్లం నా సొంత మార్పు, వదిన రెసిపీలో బ్రౌన్ షుగర్ ఉంటుంది. అది మన లక్ష్మీపురం సూపర్‌మార్కెట్లలో దొరకదని కాదు, కానీ అదేంటో తెలిసాక కొనబుద్ధి కాలేదు. చాలా వరకు బ్రౌన్ షుగర్ అంటే తెల్ల పంచదారకి మళ్లీ మొలాసిస్, అదే చెరకు మడ్డి, పట్టించిందే, మన బెల్లంలో అది అసలు తియ్యనే తియ్యరు గదా. ఆ మొలాసిస్ వల్లే కుకీ లోపల మెత్తగా సాగుతూ ఉంటుంది, దానికున్న కాస్త పులుపు గుణంతో సోడా కూడా చక్కగా పనిచేస్తుంది. అయితే అచ్చు బెల్లం తురిమితే కొంచెం తడి ఉంటుంది, అప్పుడప్పుడూ ఇసుక కూడా తగులుతుంది, కుకీలో కరకర శబ్దం ఓట్స్‌ది కాదని తెలిస్తే చాలా బాధ. అందుకే పొడి బెల్లమే తెచ్చి జల్లించి వాడతా. మొత్తం బెల్లమే వేద్దామని అత్తయ్య అంటారు గానీ తెల్ల పంచదార కొంత లేకపోతే అంచు కరకరలాడదు, ఆ రెండూ కలిపే లెక్కలోనే ఉంది అందం.

ఓట్స్ విషయంలో మావారి కథ ఒకటుంది. లిస్టులో ఓట్స్ అని రాసిస్తే మసాలా ఓట్స్ పట్టుకొచ్చారు, పైగా ఆఫర్లో ఉంటే మూడు. ఆ మూడూ ఆయన చేతే టిఫినుగా తినిపించా అది వేరే సంగతి. మామూలు ఓట్స్‌లో కూడా రెండు రకాలున్నాయి, రోల్డ్ ఓట్స్ అని రేకు రేకుగా పెద్దగా ఉండేవి, ఇన్‌స్టంట్ అని ముక్కలై సన్నగా ఉండేవి. రెండోది వేస్తే పిండిలో కలిసిపోయి కుకీ ముద్దగా వస్తుంది, నమలడానికేం మిగలదు. పెద్ద రేకులవే తెచ్చి మూకుడులో నూనె గట్రా లేకుండా సన్న సెగ మీద రంగు మారకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తా. వదిన ఓట్స్ వేయించరు, మన చేతికి మాత్రం రవ్వైనా సేమియా అయినా వేయించకుండా వేస్తే తృప్తి ఉండదు. వేయించాక బాగా ఆరనివ్వాలి, వేడిగా వేస్తే మళ్లీ వెన్న కథ మొదటికొస్తుంది.

చాక్లెట్ చిప్స్ ఎండాకాలం ఆన్‌లైన్లో తెప్పించొద్దు. నాకొచ్చిన ప్యాకెట్లో చిప్స్ దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టి రాయిలా ఒకే ముద్దగా వచ్చాయి, వాపసు పెడదామంటే తినే సరుకు వెనక్కి తీసుకోం అన్నారు. ఊళ్లో బేకరీ సామాన్ల షాపులో దొరికేవి ఎక్కువ శాతం కాంపౌండ్ చిప్స్, వెనకాల చదివితే కోకో బటర్ బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటుంది, చల్లారాక నోట్లో మైనంలా అంటుకుంటుంది, నాకు నచ్చదు. అమూల్ డార్క్ 55 శాతం బార్ తెచ్చి ఫ్రిజ్జులో గట్టిపరిచి చాకుతో తరుగుతా, కొన్ని పెద్ద ముక్కలు కొన్ని చిన్నవి కొంత పొడి, ఆ పొడే పిండంతా పాకి రుచి తెస్తుంది, నిజం చెప్పాలంటే చిప్స్ కంటే ఇదే నయం. ఫ్రిజ్జులోంచి తీసిన బార్ మీద తెల్లగా పొరలాగా కనిపిస్తే బూజనుకుని పారేయకండి, ఎప్పుడో ఒకసారి వేడికి కరిగి కోకో బటర్ పైకి తేలి గట్టిపడింది అంతే, ఓవెన్లోకి వెళ్తే ఆ తెలుపు కనపడదు.

ఇంక అసలు పని. మేలో నేను దీన్ని పగలు చెయ్యను, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడతా. గిన్నె, బీటరు పుల్లలు ముందే ఫ్రిజ్జులో పెట్టేస్తా. రెసిపీలో గుడ్డు కూడా బయటపెట్టి ఉంచమంటారు, ఈ కాలంలో నేరుగా ఫ్రిజ్జులోంచే కొడతా. అయినా వంటింట్లో ఫ్యాన్ కింద గిలక్కొడుతుంటే మోటారు వేడికీ గది వేడికీ వెన్న జారడం మొదలెట్టేస్తుంది, అందుకని గిన్నె బీటరూ ఎత్తుకుని బెడ్రూంలోకి వెళ్లి ఏసీ వేసి స్టూలు మీద పెట్టుకుని అక్కడ గిలక్కొడతా. దీనికి మా ఇంట్లో జరిగిన పంచాయితీ ఇంతా అంతా కాదు.

"ఇదేందమ్మాయ్, పడగ్గదిలో పిండి కలుపుతున్నావు?" అన్నారు అత్తయ్య తలుపు దగ్గర నిలబడి.

"ఇక్కడైతే వెన్న కరగదత్తయ్యా."

"వెన్న కరక్కూడదని ఏసీ వేస్తారా! మధ్యాహ్నం నా నడుం వాల్చడానికి వెయ్యరా అంటే మాత్రం నీ మొగుడు కరెంటు బిల్లంటాడు."

మావారు ఆ టైమ్‌లో ఫోనులోంచి తల ఎత్తలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం ఏసీ నడుస్తోంది, ఆ లెక్కన కుకీల పుణ్యం అత్తయ్యకి కూడా దక్కింది.

వెన్నలో బెల్లం పొడీ పంచదారా వేసి తెల్లబడి నురగగా అయ్యేదాకా కొట్టి, గుడ్డూ వెనిలా వేసి ఒక తిప్పు తిప్పి, మైదా సోడా జల్లించి వేసి, ఇక్కడ నుంచి బీటరు పక్కన పెట్టేసి గరిటెతో కలుపుతా. మైదా పడ్డాక ఎక్కువ తిప్పితే గట్టిగా వస్తాయి. ఓట్స్, చాక్లెట్ చివర్న. వదిన దాల్చినచెక్క పొడి కూడా వేస్తారు, మా ఇంట్లో అది వేస్తే మామయ్య ఒక ముక్క కొరికి "బిర్యానీ వాసనేందమ్మా" అన్నారు, అంతే, పిల్లలు కూడా ఆ మాటే పట్టుకున్నారు, తీసేశా. యాలకులు వేసి చూశా, నాకు బాగుంది, పిల్లలకి నచ్చలా.

శనివారం మా ఇంట్లో గుడ్డు ముట్టరు, కార్తీకమాసం మొత్తం ముట్టరు. అప్పుడు అవిసె గింజల పొడి ఒక టేబుల్ స్పూనుకి మూడు స్పూన్ల నీళ్లు పోసి పది నిమిషాలుంచితే జిగురుగా అవుతుంది, అదే గుడ్డు బదులు. కుకీలు కాస్త పెళుసుగా వస్తాయి, చేత్తో పట్టుకుంటే విరుగుతాయి, కానీ ఓట్స్ వాసన ఇంకా బాగా తెలుస్తుంది. అవిసె పొడి అన్నంలోకి చేసుకున్న కారప్పొడి కాకుండా చూసుకోండి, మా ఇంట్లో రెండూ ఒకే రకం సీసాల్లో ఉంటాయి.

ముద్ద కలిపాక వెంటనే కాల్చకూడదు, ఈ మాట మేలో బండగుర్తు. పెద్ద ఉసిరికాయంత ఉండలు, కాటా మీద 30 గ్రాములు, చేసి పళ్లెంలో పేర్చి మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్జులో. వెన్న మళ్లీ గడ్డకడుతుంది, అదొకటి, రెండోది ఈలోపు ఓట్స్ తడంతా పీల్చుకుని పిండి దగ్గరపడుతుంది, పొద్దున్నకి ఉండ రంగు కూడా కొంచెం ముదురుతుంది. తెల్లారి అయిదున్నరకి లేచి కాలుస్తా. అప్పుడు కూడా మా గుంటూర్లో చల్లగాలి ఏం తిరగదు గానీ కనీసం మనిషి నిలబడగలడు.

ఓవెన్ పెట్టే చోటు కూడా ఒక సమస్యే. మాది 28 లీటర్ల ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్, దానికి 16 ఆంప్స్ పెద్ద ప్లగ్గు కావాలి, పాత ఇల్లు కావడంతో వంటింట్లో అన్నీ చిన్న ప్లగ్గులే. పెద్దది ఉన్నది వెనక వరండాలో వాషింగ్ మెషీన్ దగ్గర. మెషీన్ ప్లగ్గు పీకి ఓటీజీని స్టూలెక్కించి అక్కడే కాలుస్తా, వేడంతా వరండాలోనే పోతుంది కాబట్టి మేలో ఇదే సుఖం. వదిన రెసిపీలో 350 అని ఉంటుంది, మన ఓటీజీ మీద నంబర్లు 250తో అయిపోతాయి, ఆ 350 ఫారెన్‌హీట్ లెక్క, మన సెల్సియస్‌లో 175. మధ్య అరలో ట్రే, పైనా కిందా రెండు రాడ్లూ, ముందు పదిహేను నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వాలి. ట్రేకి ఆరే పెడతా, ఎడం ఎడంగా. ఒక ట్రే లోపల ఉన్నప్పుడు మిగతా ఉండలు ఫ్రిజ్జులోనే, వేడి ట్రే మీద చల్లటి ఉండ పెడితే అడుగు అప్పుడే కరుగుతుంది, కాబట్టి ట్రేని కుళాయి కింద కడిగి తుడిచి చల్లార్చి మళ్లీ వాడుకోవాలి.

పదమూడు పద్నాలుగు నిమిషాలు. అంచు ముదురు రంగొచ్చి నడిమధ్య ఇంకా పచ్చిగా మెత్తగా కనపడుతున్నప్పుడే తీసెయ్యాలి, ఇదే ఎవరూ నమ్మరు. మన వంటల్లో పచ్చిగా దించడమంటే తప్పు గదా, అత్తయ్య ప్రతిసారీ "ఇంకో రెండు నిమిషాలుంచమ్మా" అంటారు. ట్రే వేడికి అయిదు నిమిషాల్లో మధ్యది కూడా కుదురుకుంటుంది, ఓవెన్లోనే గట్టిపడితే చల్లారాక పంటికి పని. ఆ అయిదు నిమిషాలు పిల్లల్ని ట్రే దగ్గరికి రానివ్వకుండా కాపలా కాయడమే ఈ మొత్తం వంటలో అన్నిటికంటే శ్రమ.

ఒకసారి మొదటి ట్రే ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది. ఇన్వర్టరు ఓటీజీ లోడు లాగదు. తలుపు తియ్యకుండా అట్టాగే వదిలేశా, లోపలున్న వేడికే కాలాయి, టైము మాత్రం ఎక్కువ పట్టింది, రంగు సరిగా రాలేదు, కానీ తినేవాళ్లకి తేడా తెలీలేదు. ఇట్టాంటప్పుడు మధ్యలో తలుపు తీసి చూస్తేనే చెడతాయి.

ఈ వేసవికి వదిన వాళ్లమ్మాయి వచ్చినప్పుడు పక్కన కూర్చుని ఉండలు చేస్తూ వాళ్ల స్కూల్లో చెప్పిన కథ చెప్పింది. "అత్తా, చాక్లెట్ ముక్కలు కుకీలో వెయ్యడం కనిపెట్టింది రూత్ వేక్‌ఫీల్డ్ అనే ఆవిడ, 1930ల్లో మసాచుసెట్స్‌లో విట్‌మన్ అనే ఊళ్లో టోల్ హౌస్ ఇన్ అని హోటల్ నడిపేది" అంది. తర్వాత 1997లో ఆ రాష్ట్రం చాక్లెట్ చిప్ కుకీని తమ అధికారిక కుకీగా కూడా ప్రకటించుకుందంట. మామయ్య అది విని, అయితే మనకి గోంగూర పచ్చడికి ప్రభుత్వం జీవో ఇవ్వాలి గదా అన్నారు. ఆ పిల్లకి జీవో అంటే ఏంటో చెప్పేసరికి ఒక ట్రే అయిపోయింది.

మామయ్యకి షుగరుంది. డాక్టరు ఓట్స్ తినమన్నాడు, ఇందులో ఓట్స్ ఉన్నాయి, కాబట్టి ఇది మందే అన్నది ఆయన వాదన. నేను లెక్క తీసి చూపించా, బెల్లం పంచదార చాక్లెట్లో తీపి అన్నీ కలిపి ఇరవైకి పంచితే ఒక్కో కుకీకి రెండు టీస్పూన్లు పడుతుంది, బెల్లమైనా షుగరు పెంచేదే, ఓట్స్‌లో పీచు ఉన్న మాట నిజమే గానీ అది ఈ తీపిని ఆపేంత కాదు. రోజుకి సగం అని ఒప్పందం కుదిరింది. ఆ సగం కూడా పెద్ద సైజుది చూసి ఏరుకుంటారు.

దాచుకోవడం అంటే, ఎండాకాలం స్టీలు డబ్బాలో వేసి గట్టి మూత పెడితే వారం దాకా బాగుంటాయి, డబ్బాని నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టాలి, మా ఇంటి చీమలకి బెల్లం వాసన మేడ మీద నుంచి కూడా తెలుస్తుంది. జులైలో వానలు పడ్డాక గాల్లో తడికి మెత్తబడిపోతాయి, 150లో అయిదు నిమిషాలు పెట్టి తీస్తే మళ్లీ అంచు కరకరలాడుతుంది.

నేనిప్పుడు చేస్తున్నది ఇంకా సుళువు, ఒకేసారి రెండింతలు కలిపి సగం ఉండలు ఫ్రీజర్లో వేసేస్తున్నా, ముందు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత జిప్ కవర్లో. నెల పైన ఉంటాయి. ఎవరన్నా ఇంటికొస్తే ఆరు తీసి గడ్డకట్టినవి అట్టాగే ఓవెన్లో పెట్టి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు, టీ కాగేలోపు కుకీలు. కవరు మీద మాత్రం అల్లం వెల్లుల్లి ముద్ద అని రాసి పెట్టా, లేకపోతే మా చిన్నోడు పచ్చి ఉండలే చప్పరించేస్తున్నాడు, పచ్చి గుడ్డూ పచ్చి మైదా కడుపుకి మంచిది కాదురా అంటే వినడు. వాడింకా ఆ కవరు ముట్టుకోలేదు, మావారు మాత్రం నిన్న కూర వండుదామని తీసి రెండు ఉండలు నూనెలో వెయ్యబోయారు.